జింక తోలు టాక్సిడెర్మిస్ట్ చేతికి వెళ్ళేలోపు ఏం చేయాలి? ఉప్పా, ఫ్రీజరా?

చెన్నై తెలుగువాళ్ళ చర్చా వేదిక › అడిగి తెలుసుకుందాం

వేళచ్చేరి వాణి
శుక్రవారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. కాస్త అర్జెంటు.

మా తమ్ముడు టెక్సస్‌లో శాన్ ఆంటోనియో దగ్గర ఉంటాడు. అక్కడ ఇప్పుడు వేట సీజను. లైసెన్సు, ట్యాగు అన్నీ సక్రమంగా ఉన్నాయి. థాంక్స్‌గివింగ్ సెలవులకు స్నేహితుడి వాళ్ళ రాంచ్‌కి వెళ్ళి, వాళ్ళ టైములో ఈ సాయంత్రమే మొదటిసారి ఒక మగ జింకను కొట్టాడు. వైట్‌టెయిల్ రకం. మాంసం ఇంటిల్లిపాదీ పంచుకుంటారు. తల, భుజాల దాకా తోలు మాత్రం టాక్సిడెర్మిస్ట్‌కి, అంటే చనిపోయిన జంతువును బొమ్మలా నిలబెట్టేవాడికి, ఇచ్చి గోడకు పెట్టుకునేలా చేయించుకోవాలని వాడి ఆశ.

చిక్కేమిటంటే షాపు సోమవారం దాకా తెరవరు. పగలు ఇంకా బాగానే ఎండ కాస్తోందట. ఒకాయన వెంటనే ఉప్పు పట్టించమన్నాడు, ఇంకొకాయన ఉప్పు జోలికే పోవద్దు, ఫ్రీజర్లో పెట్టెయ్యి అన్నాడు. వీడికి టెన్షన్ మొదలైంది. "అక్కా, మీ చెన్నైలో తోళ్ళ పని తెలిసినవాళ్ళు బోలెడుమంది కదా, ఎవరినైనా అడుగు" అని ఫోన్ చేశాడు. జింక ఇప్పుడు షెడ్డులో వేలాడుతోంది, ఇంకా తోలు తీయలేదు. తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి, ప్లీజ్.

అంబత్తూరు రాజు
శుక్రవారం, ఉదయం 7:52

ఇందులో ఆలోచించేదేముంది అక్కా? తోలు తీసిన మరుక్షణం ఉప్పు దట్టించమనండి. మా చిన్నాన్నది మటన్ కొట్టు. సాయంత్రానికి తోళ్ళు కొనే మండీవాడు వచ్చేదాకా మేకతోళ్ళన్నీ ఉప్పులోనే ఉంటాయి. ఉప్పు లేకపోతే మన ఎండకు మధ్యాహ్నానికే కంపు కొడతాయి.

సైదాపేట జువాలజీ టీచర్
శుక్రవారం, ఉదయం 8:03

వాణిగారూ, ఉప్పు ఇప్పుడే వద్దని తమ్ముడికి వెంటనే చెప్పండి. రాజుగారు చెప్పింది కొట్టులో తీసిన తోలుకు సరైనదే. ఇది తలతో సహా ఉన్న తోలు. లెక్క వేరు.

ఉప్పు పని చేయాలంటే అది నేరుగా చర్మానికి తగలాలి. మధ్యలో కండ, కొవ్వు ఉంటే దాటిపోదు. తల మీద పని అంటే పెదవుల లోపలి పొరను చీల్చి తెరవాలి, ముక్కు దగ్గర మృదులాస్థి తీయాలి, కనురెప్పల చుట్టూ పలచగా చేయాలి, చెవిని లోపలి మృదులాస్థి నుంచి విడదీసి కొసదాకా తిరగేయాలి. మొదటిసారి కత్తి పట్టినవాడు రాత్రిపూట షెడ్డులో చేసే పని కాదు. ఇవేవీ చేయకుండా మెడ మీద మాత్రం ఉప్పు చల్లితే మెడ నిలుస్తుంది, చెవులూ ముక్కూ కుళ్ళుతాయి. కుళ్ళు మొదలయ్యేది అక్కడి నుంచే.

తల మీది తోలు ఒలవడం రాకపోతే దారి ఒక్కటే. భుజాల దగ్గర నుంచి తోలును దవడ కిందిదాకా ఒలిచి, అక్కడ మెడను కోసి, తలను తోలుతోనే వదిలేసి, బాగా చల్లార్చి, ఫ్రీజర్లో పెట్టడం.

ఓఎంఆర్ శ్రీను
శుక్రవారం, ఉదయం 8:15

నేను ఆస్టిన్‌లో ఉండి వచ్చాను, అక్కడ సీజన్లో వేటకు వెళ్ళేవాణ్ణి. టీచర్‌గారి మాటే నాదీ. వాణిగారూ, ఇది యథాతథంగా మీ తమ్ముడికి పంపండి.

తోలు తీయకముందే ఫోటోలు తీసుకోమనండి. ముఖం ముందు నుంచి, రెండు పక్కల నుంచి, కంటి దగ్గర, ముక్కు దగ్గర. టాక్సిడెర్మిస్ట్‌కి అవి బాగా పనికొస్తాయి.

కోత విషయం. గొంతు కోయకూడదు. ఛాతీ ముందువైపు, అంటే ముందుకాళ్ళ మధ్య నుంచి గొంతు వైపు చీల్చకూడదు. గోడకు పెట్టినప్పుడు అందరి కళ్ళూ పడేది అక్కడే, కుట్టు దాగదు. ముందుకాళ్ళకు బాగా వెనకగా, పక్కటెముకల నడిమిన, ఒంటిచుట్టూ ఒక కోత. ముందుకాళ్ళకు మోకాలి పైన చుట్టూ మరో కోత. కాలి వెనకవైపు నుంచి పైకి వచ్చి చంక దాటి ఆ పెద్ద కోతలో కలపాలి. తర్వాత స్వెటర్ విప్పినట్టు తోలును తల వైపు లాగుతూ పోవడమే. కత్తి వాడకం ఎంత తక్కువైతే అంత మంచిది, చాలావరకు పిడికిలితో తోస్తేనే ఊడి వస్తుంది. తక్కువ తోలు ఇస్తే టాక్సిడెర్మిస్ట్ ఏమీ చేయలేడు, ఎక్కువ ఇస్తే కత్తిరించుకుంటాడు. అందుకని ధారాళంగా వదలమనండి.

మెడకు తాడు కట్టి వేలాడదీసి ఉంటే ముందు దాన్ని విప్పించండి. తాడు ఒరిసిన చోట వెంట్రుక విరిగిపోతుంది, మళ్ళీ రాదు. వెనకకాళ్ళతో వేలాడదీయాలి. నేలమీద ఈడ్చినా అదే గొడవ.

ఇంకో మాట. టెక్సస్‌లో మగ జింక అనడానికి కొమ్ములతో ఉన్న తల రుజువు, అది మాంసం చేరాల్సిన చోటికి చేరేదాకా దాంతోనే ఉండాలి. తల ఒక దారి, మాంసం ఒక దారి పడితే వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ అని ఒక కాగితం నింపి పెట్టాలి. సీడబ్ల్యూడీ అనే జింకల జబ్బు వల్ల మెదడు, వెన్నెముక ఉన్న భాగాల విషయంలో నిబంధనలున్నాయి. రాంచ్ ఏ కౌంటీలో ఉందో చూసి టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ నిబంధనలు ఒకసారి చదువుకోమనండి.

పల్లావరం బాబాయ్
శుక్రవారం, ఉదయం 8:41

అమ్మా వాణీ, నేను తోళ్ళు పదునుచేసే ట్యానరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పల్లావరం, క్రోంపేట, తర్వాత రాణిపేట. రాజు చెప్పిందీ టీచరమ్మ చెప్పిందీ రెండూ నిజమే. ఎందుకో చెబుతాను, అప్పుడు మీ తమ్ముడికి భయం పోతుంది.

మా ట్యానరీలో పచ్చితోలు రాగానే దాని బరువులో నలభై, యాభై శాతం దాకా ఉప్పు పెడతాం. ఉప్పు తోలులోని నీళ్ళు లాగేస్తుంది, నీళ్ళు లేకపోతే బాక్టీరియా పెరగదు. అంతవరకు సరే. కానీ మాకు కావలసింది తోలు, వెంట్రుక కాదు. తర్వాత సున్నం, సోడియం సల్ఫైడ్ కలిపిన తొట్టిలో వేసి ఆ వెంట్రుకను మేమే ఊడగొడతాం. తొట్టి దగ్గర నిలబడి మెడ భాగం మీద బొటనవేలితో నొక్కి తోస్తే, పైపొరతో సహా వెంట్రుక జారిపోయి కింద తెల్లటి తోలు కనబడాలి. అలా జారితేనే మాకు పని అయినట్టు. అంచేత వచ్చేముందే కొద్దిగా వెంట్రుక వదులైన తోలునైనా మేం పెద్దగా పట్టించుకోం.

టాక్సిడెర్మిస్ట్‌కి అది చావుదెబ్బ. సున్నం చేసే పనే బాక్టీరియా కూడా చేస్తుంది. వెంట్రుక కుదురును పట్టుకుని ఉండే పొరను తినేస్తుంది. పైకి ఏమీ కనబడదు, వాసన కూడా రాకపోవచ్చు. టానింగ్‌కి వేశాక చెవి దగ్గరో, కంటి పక్కనో అరచేయంత మేర బోడిగా తేలుతుంది. అప్పుడు చేసేదేమీ లేదు. బాక్టీరియాకు కావలసినవి వెచ్చదనం, తడి, టైము. ఈ మూడింట్లో మీ తమ్ముడు ఇప్పుడు తీసేయగలిగింది వెచ్చదనం. ముందు ఆ పని చూడమను.

సైదాపేట జువాలజీ టీచర్
శుక్రవారం, ఉదయం 8:55

బాబాయ్‌గారు చెప్పిన వెచ్చదనం గురించి ఒక్క ముక్క కలుపుతాను. చలికాలపు జింక వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. ఆ గాలి వల్లే చలిని తట్టుకుంటుంది. అదే గాలి చచ్చాక ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. బయట గాలి చల్లగా ఉంది కదా అని తోలు తీయకుండా తెల్లారేదాకా వేలాడదీస్తే లోపల వేడి అలాగే ఉంటుంది.

అందుకే తీసిన తోలును వెంటనే చుట్టకూడదు. కాంక్రీటు నేల మీద, నీడలో, లోపలివైపు పైకి ఉండేలా పరిచి, చేత్తో తాకితే చల్లగా తగిలేదాకా ఉంచాలి. వేడిగా ఉన్నప్పుడే చుట్టి ఫ్రీజర్లో పెడితే పైన గడ్డకడుతుంది, నడుమ మెడ భాగం రాత్రంతా గోరువెచ్చగానే ఉండి అక్కడే పాడవుతుంది.

నెత్తురు అంటిన చోట, ముఖ్యంగా గొంతు మీది తెల్లమచ్చ దగ్గర, చల్లటి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. గొట్టం పెట్టి కడగకూడదు.

వేళచ్చేరి వాణి
శుక్రవారం, ఉదయం 9:20

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. అన్నీ పంపాను. తాడు వెనకకాళ్ళకే ఉందట, బతికాం. ఇప్పుడు తోలు తీస్తున్నారు. స్నేహితుడి ఇంట్లో పెద్ద పెట్టె ఫ్రీజర్ ఉంది. ఐస్ బాక్సు కూడా ఉంది, అందులో ఐసు మీద నేరుగా వేయొచ్చా అని అడుగుతున్నాడు.

ఓఎంఆర్ శ్రీను
శుక్రవారం, ఉదయం 9:26

వద్దు. ఐసు కరిగి తోలు నీళ్ళలో నానుతుంది. గట్టి ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి, ఆ సంచిని ఐసు మీద పెట్టొచ్చు. ఫ్రీజర్ ఉందంటున్నారు కాబట్టి ఆ బాధే లేదు. చల్లారాక లోపలివైపు లోపలివైపుకు ఆనేలా మడిచి, తల దగ్గరికి చుట్టి, సంచిలో గాలి లేకుండా నొక్కి కట్టాలి. కొమ్ములు సంచి బయటే ఉన్నా ఫర్వాలేదు, కొనలు సంచిని చింపకుండా గుడ్డ చుట్టమనండి. చెవులు, ముక్కు ముందుగా ఎండిపోతాయి, వాటి మీద సంచి తప్పకుండా కప్పి ఉండాలి.

ఫ్రీజర్లో పెట్టేదానికి ఉప్పు మాత్రం అస్సలు పూయకూడదు. ఉప్పు ఉన్నచోట సరిగ్గా గడ్డకట్టదు. ఉప్పు, ఫ్రీజర్ రెండూ కలిపితే రెండు లాభాలు వస్తాయనుకుంటారు చాలామంది. రెంటికీ చెడుతుంది.

శాకంబరి
శుక్రవారం, ఉదయం 10:48

మన్నించండి, ఇది చదువుతుంటే నాకు కడుపులో తిప్పినట్టుంది. గిండీ నేషనల్ పార్కు పక్కనే ఉంటాను. పొద్దున్నే గోడ అవతల జింకలను చూసి ఆఫీసుకు వెళతాను. గోడకు తగిలించుకోవడానికి ఒక ప్రాణిని చంపడం గురించి మన వేదికలో ఇంత ఉత్సాహంగా మాట్లాడుకోవాలా?

ఓఎంఆర్ శ్రీను
శుక్రవారం, ఉదయం 11:10

శాకంబరిగారూ, మీ బాధ అర్థమవుతుంది. అక్కడి పరిస్థితి వేరని మాత్రం చెబుతాను. టెక్సస్ ఒక్క రాష్ట్రంలోనే వైట్‌టెయిల్ జింకలు యాభై లక్షలకు పైగా ఉన్నాయి. వాటిని తినే తోడేళ్ళు అక్కడ ఎప్పుడో పోయాయి. ఎన్ని కొట్టొచ్చో, ఎప్పుడు కొట్టొచ్చో ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, లైసెన్సు డబ్బు వన్యప్రాణుల సంరక్షణకే పోతుంది. మాంసం ఎవరూ పారేయరు. అయినా మీకు నచ్చకపోతే అది న్యాయమైన అభ్యంతరమే, నేను వాదించను.

వేళచ్చేరి వాణి
శుక్రవారం, ఉదయం 11:32

శాకంబరిగారూ, నాకూ మొదట వినగానే మనసు కలుక్కుమంది. కానీ కొట్టడం ఎలాగూ అయిపోయింది. ఇప్పుడు ఆ తోలు కూడా కుళ్ళి చెత్తలోకి పోవడం కంటే వాడు దాన్ని గౌరవంగా దాచుకోవడమే నయమనిపించింది. అందుకే అడిగాను.

అంబత్తూరు రాజు
శుక్రవారం, మధ్యాహ్నం 12:15

ఒక డౌటు. ఊళ్ళో ఫ్రీజర్ లేనిచోట, తల మీది తోలు కూడా ఒలవడం వచ్చినవాడైతే అప్పుడు ఉప్పు పెట్టొచ్చు కదా? ఎలా పెట్టాలి?

పల్లావరం బాబాయ్
శుక్రవారం, మధ్యాహ్నం 1:05

పెట్టొచ్చు రాజూ. తల మీది తోలు కూడా పూర్తిగా ఒలిచి, కండ, కొవ్వు గీకేశాక అదే ఉత్తమం. అడిగావు కాబట్టి వివరంగా చెబుతాను.

ఉప్పు సన్నగా ఉండాలి, అయోడిన్ కలపనిది. తూత్తుక్కుడి నుంచి వచ్చే గళ్ళుప్పు మేం పెద్ద తోళ్ళకు వాడతాం. కానీ పెద్ద పలుకులు పలచటి చర్మానికి సమంగా ఆనవు, పలుకుకూ పలుకుకూ మధ్య ఖాళీలో తడి ఉండిపోతుంది. చెవి లోపల, పెదవి మడతల్లో, కనురెప్పల చుట్టూ, ముక్కురంధ్రాల దగ్గర వేళ్ళతో రుద్ది పట్టించాలి. మిగతా చోట లోపలివైపంతా తెల్లగా కప్పుకుపోయేలా పరవాలి. అంచులు ముడుచుకుని ఉంటాయి, వాటిని విప్పి మరీ పెట్టాలి. ఎక్కువవుతుందేమోనని ఎవరూ భయపడక్కర్లేదు, తక్కువైతేనే ముప్పు.

తర్వాత ఏటవాలు పలక మీద వేయాలి. నీళ్ళు కారిపోవాలి. చదునైన నేలమీద వేస్తే తన ఉప్పునీళ్ళలో తనే నానుతూ ఉంటుంది. ఒక రోజు గడిచాక పాత ఉప్పు దులిపి కొత్త ఉప్పు పెట్టాలి. పాత ఉప్పు మళ్ళీ వాడొద్దు, అందులో నెత్తురూ బాక్టీరియా చేరి ఉంటాయి. కారడం ఆగిపోయాక నీడలో గాలి ఆడేచోట ఆరబెట్టాలి. ఎండలో పెడితే కొవ్వు కరిగి చర్మంలోకి దిగి మాడినట్టు అవుతుంది, తర్వాత నీళ్ళలో వేసినా మెత్తబడదు. పూర్తిగా అట్టలాగా ఎండకముందే, వంగే స్థితిలో ఉన్నప్పుడే మడిచిపెట్టుకోవాలి.

ఉప్పు పెట్టిన తోలును తేమగా ఉన్న గదిలో మరిచిపోతే గులాబీ రంగు మచ్చలు వస్తాయి. ఉప్పులోనే బతికే బాక్టీరియా ఉంది, దాని పని అది. మేం దాన్ని రెడ్ హీట్ అంటాం. అది కనబడితే ఆ సరుకు ముందు వాడేయాలని అర్థం.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంత ఉప్పు చివరికి ఎక్కడికి పోతుంది? కడిగిన నీళ్ళతో పాలారు నదిలోకి పోయింది, వెల్లూరు చుట్టుపక్కల పొలాలు పాడయ్యాయి. 1996లో సుప్రీంకోర్టు వెల్లూరు కేసులో ట్యానరీల మీద గట్టి తీర్పు ఇచ్చింది. అడయారులో మన సీఎల్ఆర్ఐ (కేంద్ర తోలు పరిశోధన సంస్థ) వాళ్ళు తక్కువ ఉప్పుతో తోలు నిలవచేసే పద్ధతుల మీద పనిచేశారు. ఇంట్లో ఒక తోలుకు వాడినా సరే, ఆ ఉప్పు దులిపి వేరుగా మూటకట్టండి, పెరట్లో చెట్టు మొదట్లో పోయకండి.

నెల్లూరు కుర్రాడు
శుక్రవారం, సాయంత్రం 6:30

ఇక్కడ ఇంత తెలిసినవాళ్ళున్నారు కాబట్టి నా సంగతి కూడా అడుగుతాను. మా తాతగారు జపం చేసుకునే కృష్ణజింక చర్మం ఒకటి నెల్లూరు ఇంట్లో ఉంది. ఆయన పోయి చాలా కాలమైంది. ఈమధ్య ఇల్లు ఖాళీ చేస్తుంటే పెట్టెలో బయటపడింది. వెంట్రుక రాలుతోంది, సన్నటి బొచ్చు పురుగులు కనబడుతున్నాయి. చెన్నై తెచ్చి ఎవరైనా టాక్సిడెర్మిస్ట్‌కి ఇస్తే బాగుచేస్తారా?

హైకోర్టు మెట్లు
శుక్రవారం, సాయంత్రం 7:02

తమ్ముడూ, దాన్ని ఇంట్లోంచి కదిలించకు. ఎవరికీ ఫోటోలు పంపకు, ఆన్‌లైన్లో అమ్మకానికి అసలే పెట్టకు. నేను లాయర్ని, అందుకే చెబుతున్నాను.

వాణిగారి తమ్ముడి కథ టెక్సస్‌ది. మనకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. కృష్ణజింక అందులో మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్న జంతువు. చర్మం, కొమ్ము, స్టఫ్ చేసిన తల, ఏదైనా సరే ఉంచుకోవాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇచ్చిన ఓనర్‌షిప్ సర్టిఫికెట్ కావాలి. ముందు తాతగారి కాగితాలు వెతుకు. చట్టం వచ్చినప్పుడు చాలామంది పెద్దవాళ్ళు డిక్లరేషన్ ఇచ్చారు. 2003లో కేంద్రం ఇంకోసారి 180 రోజుల గడువు ఇచ్చింది, అప్పుడైనా ఇచ్చి ఉండొచ్చు. పాత ట్రంకు పెట్టెల్లో, ఆస్తి దస్తావేజుల మధ్యలో దొరికిన సందర్భాలున్నాయి.

సర్టిఫికెట్ ఉంటే వారసత్వంగా నీకు వచ్చిన 90 రోజుల్లోపు నువ్వు డిక్లరేషన్ ఇవ్వాల్సింది. ఆ గడువు దాటింది కాబట్టి ఆలస్యానికి కారణం రాసి ఇప్పుడైనా వెళ్ళడం మంచిది. నెల్లూరు ఆంధ్రప్రదేశ్, చెన్నై తమిళనాడు. సర్టిఫికెట్ ఉన్న వస్తువునైనా రాష్ట్రం దాటిస్తే 30 రోజుల్లో తెలియజేయాలి. అమ్మడం మాత్రం సర్టిఫికెట్ ఉన్నా కుదరదు.

ఇక టాక్సిడెర్మిస్ట్ సంగతి. మన దేశంలో ఆ వృత్తి చేయాలంటేనే లైసెన్సు కావాలి. ఎవరైనా "కాగితాలు అక్కర్లేదు, తీసుకురండి, నేను చేసిపెడతా" అన్నాడంటే వాడు నిన్ను కూడా కేసులోకి లాగుతున్నాడని అర్థం. మొదటి షెడ్యూలు జంతువుకు శిక్ష మూడు నుంచి ఏడేళ్ళు.

క్యాంపస్ కుర్రాడు
శుక్రవారం, రాత్రి 8:10

మెట్లు అన్నా, మా ఐఐటీ క్యాంపస్‌లో చుక్కల జింకలు, కృష్ణజింకలు రెండూ తిరుగుతుంటాయి. రాలిన కొమ్ములు అప్పుడప్పుడూ పొదల్లో కనబడతాయి. చంపింది కాదు కదా, రాలింది కదా, అది తీసుకోవచ్చా? ఒకోసారి చచ్చిన జింక కూడా కనబడుతుంది.

హైకోర్టు మెట్లు
శుక్రవారం, రాత్రి 8:24

తీసుకోకూడదు. రాలిన కొమ్ము కూడా చట్టం దృష్టిలో ట్రోఫీయే, అంటే వన్యప్రాణి భాగమే. చచ్చిపడిన వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. ఏ కారణంగానైనా అలాంటిది నీ చేతికి వస్తే 48 గంటల్లో పోలీస్ స్టేషన్లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. క్యాంపస్‌లో అయితే సెక్యూరిటీకి ఫోన్ చెయ్యి, వాళ్ళు అటవీశాఖకు చెబుతారు.

రాలేది చుక్కల జింక కొమ్ములే, కృష్ణజింకవి రాలవు. కృష్ణజింక కొమ్ము విడిగా కనబడిందంటే ఆ జంతువుకు ఏదో జరిగిందన్నమాట. అది ఇంకా త్వరగా చెప్పాల్సిన విషయం.

టీనగర్ శారద
శుక్రవారం, రాత్రి 8:40

అయ్యో, మా అత్తగారి దగ్గర దుప్పికొమ్ము ముక్క ఒకటి ఉండేది. సానమీద అరగదీసి వాపులకు పట్టు వేసేవారు. ప్రతి ఇంట్లో ఉండేదే కదా!

హైకోర్టు మెట్లు
శుక్రవారం, రాత్రి 8:47

ఉండేదమ్మా, నిజమే. ఇప్పుడు దానికీ ఇదే చట్టం. బెంగళూరులో 2023 అక్టోబరులో టీవీ షోలో పులిగోరు లాకెట్ వేసుకున్నాయన్ను షో జరుగుతుండగానే తీసుకెళ్ళి అరెస్టు చేశారు. ఇంట్లో ఏముందో చూసుకోండి.

నెల్లూరు కుర్రాడు
శుక్రవారం, రాత్రి 9:15

గుండె గుభేలుమంది అన్నా. రేపే నెల్లూరు వెళ్ళి కాగితాలు వెతుకుతాను. సర్టిఫికెట్ దొరికితే ఈలోగా పురుగు దాన్ని మొత్తం తినేయకుండా ఏం చేయాలి? ఎండలో వేయనా? అమ్మ కలరా ఉండలు వేయమంటోంది.

సైదాపేట జువాలజీ టీచర్
శుక్రవారం, రాత్రి 9:38

ఎండ వద్దు, వెంట్రుక పెళుసై ఇంకా రాలుతుంది. నీళ్ళు, షాంపూ వద్దు. కలరా ఉండల వాసన పురుగును కొంత దూరం పెడుతుంది గానీ ఇప్పటికే లోపలున్న గుడ్లను చంపదు, ఇంట్లోవాళ్ళకు తలనొప్పి.

మీరు చూసింది డెర్మెస్టిడ్ జాతి పురుగు పిల్లలై ఉండాలి. గోధుమరంగులో, ఒంటినిండా నూగుతో ఉంటాయి. చర్మం అంచు మడతల్లో అవి విడిచిన ఖాళీ పొట్టు కూడా కనబడుతుంది. వాటికి మందు చలి. చర్మాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూసి, నెల్లూరు ఇంట్లోనే ఫ్రిజ్ పై ఫ్రీజర్లో అత్యంత చల్లని సెట్టింగులో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే తెరవకండి. లోపలి చల్లదనం పోయి గది వేడికి వచ్చేదాకా ఒక రోజు ఆగండి, లేకపోతే గాలిలోని తేమ చర్మం మీద చెమ్మగా చేరుతుంది. మళ్ళీ ఒకసారి అలాగే చేయండి. మొదటిసారి బతికిన గుడ్లు ఏమైనా ఉంటే రెండోసారికి పోతాయి. ఆ పెట్టెను కూడా దులిపి, బట్టలన్నీ చూడండి, ఊలు, పట్టు రెండూ వాటికి ఇష్టం.

చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పకుండా వేసుకోండి. పాతకాలపు స్టఫ్ చేసిన తలలకు, చర్మాలకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. జపానికి వాడిన చర్మానికి పూయకపోయి ఉండొచ్చు. కానీ కంటితో చూసి చెప్పలేం, కాబట్టి ఉందనే అనుకుని పట్టుకోవాలి. వంటింటి ఫ్రీజర్ అయితే రెండు సంచులు ఒకదానిలో ఒకటి వేసి, ఆ రెండు వారాలు అందులో తినేవేవీ పెట్టకండి. పిల్లల్ని దాని మీద కూర్చోనివ్వకండి.

ఎగ్మోర్ రైలు
శుక్రవారం, రాత్రి 10:05

టీచర్‌గారు ఆర్సెనిక్ అంటే గుర్తొచ్చింది. ఎగ్మోర్ మ్యూజియం జంతువుల గ్యాలరీలో పాత నమూనాలు గాజు వెనక పెట్టింది దుమ్ము కోసమే అనుకునేవాణ్ణి. మన దేశంలో ఈ పని అసలు ఇంకెవరైనా చేస్తున్నారా? మైసూరులో ఒక పెద్ద కంపెనీ ఉండేదని విన్నాను.

సైదాపేట జువాలజీ టీచర్
శుక్రవారం, రాత్రి 10:20

వాన్ ఇంగెన్ వాళ్ళు. 1900 ప్రాంతంలో మొదలైంది, 1999లో మూసేశారు. మహారాజులు, దొరలు కొట్టిన పులులు, చిరుతలు వేల సంఖ్యలో వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళాయి. వేట ఆగిపోయాక పని ఆగిపోయింది. ఇప్పుడు బొంబాయి బోరివలీలో సంజయ్ గాంధీ నేషనల్ పార్కులో 2009 నుంచి ఒక టాక్సిడెర్మీ కేంద్రం ఉంది. జూలలో, అడవిలో సహజంగా చనిపోయినవాటిని ప్రభుత్వ అనుమతితో చదువు కోసం నిలబెడతారు. అక్కడ కూడా మొదటి షరతు ఇదే, జంతువు చనిపోయాక ఎంత త్వరగా చల్లదనంలోకి వెళ్ళిందన్నది.

వేళచ్చేరి వాణి
మంగళవారం, ఉదయం 9:10

షాపుకు ఇచ్చేశాడు! టాక్సిడెర్మిస్ట్ తల సంచిని పగలంతా కరగనిచ్చి, చెవి వెనక, కంటి పక్కన, పొట్ట అంచున వెంట్రుకలను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూశాడట. ఒక్కటీ ఊడి రాలేదు. మెడ దగ్గర తోలు కాస్త పొట్టిగా కోశారు గానీ సరిపెట్టుకోవచ్చన్నాడట. చేతికి రావడానికి పది నెలలు పట్టొచ్చు. తయారయ్యాక ఇండియా తెచ్చుకోవచ్చా అని మా అమ్మ అడుగుతోంది.

హైకోర్టు మెట్లు
మంగళవారం, ఉదయం 9:31

అక్కడే గోడకు పెట్టుకోమనండి. ఇక్కడి కస్టమ్స్‌లో అడవిజంతువుల వస్తువులకు అనుమతులు, నిషేధాలు చాలా ఉన్నాయి. అమ్మకు ఫోటో పంపితే చాలు.

నెల్లూరు కుర్రాడు
మంగళవారం, రాత్రి 8:55

మెట్లు అన్నా, ఇల్లంతా వెతికాం. సర్టిఫికెట్ లేదు. ఇప్పుడు ఏం చేయాలి? కాల్చేద్దాం అంటున్నాడు మా సొంత బాబాయ్.

హైకోర్టు మెట్లు
మంగళవారం, రాత్రి 9:20

కాల్చకండి, పూడ్చకండి. అది సాక్ష్యం నాశనం చేసినట్టు అవుతుంది, లేని తంటా కొనితెచ్చుకోవడమే.

నెల్లూరులో క్రిమినల్ కేసులు చూసే ఒక లాయర్‌తో ముందు కూర్చోండి. ఆయన ద్వారా జిల్లా అటవీ అధికారికి అర్జీ పెట్టి, స్వచ్ఛందంగా అప్పగిస్తున్నామని రాయండి. 2022 సవరణలో స్వచ్ఛందంగా అప్పగించే సెక్షన్ ఒకటి చేర్చారు. అది సర్టిఫికెట్ ఉన్నవాళ్ళ కోసం, అప్పగిస్తే పరిహారం ఏమీ రాదు. సర్టిఫికెట్ లేనివాళ్ళకు అదే రక్షణ దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను, అందుకే లాయర్ ముందు ఉండాలంటున్నాను. కానీ తనంతట తానుగా వెళ్ళినవాడికీ, సోదాలో దొరికినవాడికీ తేడా ఎప్పుడూ ఉంటుంది.

అర్జీలో తాతగారి పేరు, ఆయన పోయిన తేదీ, మరణ ధృవీకరణ పత్రం, చర్మం ఎప్పుడు ఎక్కడ బయటపడింది, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు అన్నవి ఉన్నదున్నట్టు రాయండి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే తెలియదనే రాయండి, ఊహించి రాయొద్దు. చర్మం పొడవు, వెడల్పు కొలిచి వేయండి. ఫ్రీజర్లో పెట్టి ఉంటే పురుగు పట్టినందువల్ల పెట్టామని అది కూడా చెప్పండి. అప్పగించేటప్పుడు పంచనామా రాయిస్తారు, సంతకం చేసేముందు మొత్తం చదవండి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళి, ఒకదాని మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.